సాయంత్రం చెంపదెబ్బకు ఉదయం ఖండన

ఆదివారం సాయంత్రం నాలుగింటికి జరిగే ఫైనల్లో సెంటర్ ఫార్వర్డ్ జశ్వంత్ సెక్యూరిటీ గార్డు ఓదెలును చెంపదెబ్బ కొట్టలేదని, కొట్టాడంటూ వస్తున్న ఆరోపణలను తీవ్రంగా ఖండిస్తున్నామని ‘సైబర్ సింహాలు’ ఫుట్‌బాల్ జట్టు మేనేజర్ భాస్కర్ గారు ఆ ఉదయం పదిన్నరకే పత్రికా ప్రకటన విడుదల చేశారు.

అప్పటికి గ్రౌండులో గడ్డికి నీళ్లు పెడుతున్నారు. జశ్వంత్ ఇంకా నిద్రే లేవలేదు.

ఇంత ముందుచూపు ఉన్న మేనేజరు మరో దేశంలో ఎక్కడైనా ఉన్నాడో లేదో ఓదెలుకు తెలియదు. నానక్‌రామ్‌గూడలో రెండు అద్దాల టవర్ల మధ్య ఉన్న ఆ గ్రౌండు గేటు దగ్గర ఆయన ఆరేళ్లు పగటి డ్యూటీ చేశాడు. పోయిన నెల పదకొండో తారీఖున జశ్వంత్‌ను పాస్ చూపించమని అడిగాడు. జశ్వంత్ అంటే జట్టు యజమాని అయిన మంత్రిగారి మేనల్లుడు. అడిగినదానికి జవాబు ఓదెలు ఎడమ చెంప మీద పడింది.

ఆనాడు కూడా భాస్కర్ గారే ఖండించారు. “మా ఆటగాడు కొట్టలేదు. గార్డు చెంప అతివేగంగా వచ్చి ఆయన అరచేతిని ఢీకొంది. చేతికి పరీక్షలు చేయిస్తున్నాం.” పెద్ద వయసులో ఎండ తగలకూడదని సెక్యూరిటీ ఏజెన్సీ వాళ్లు ఓదెలును పక్క టవర్ సెల్లార్‌లో రాత్రి డ్యూటీకి మార్చారు. ఆయన భార్య భూలక్ష్మి అదే టవర్లో పగలు నేల తుడుస్తుంది. పొద్దున్నే ఆమె పనికి వచ్చే వేళకు ఆయన సెల్లార్ నుంచి పైకి వస్తాడు. నెల రోజులుగా మొగుడూ పెళ్లాల కాపురం లిఫ్టు ముందరే సాగుతోంది.

“కూరల ఉప్పు ఎక్కువైంది, చూస్కొని తిను,” అని ఆమె అంటుంది. ఆయన కుడి చెవి ఆమె వైపు తిప్పి, “ఏందీ?” అంటాడు. ఈలోపు లిఫ్టు తలుపు మూసుకుంటుంది. తన పగటి డ్యూటీ తనకు తిరిగొస్తే చాలు, ఓదెలుకు వేరే కోరిక లేదు.

భాస్కర్ గారి సంగతి కూడా చెప్పుకోవాలి. మేనేజర్ కాకముందు ఆయన మంత్రిగారి పార్టీ ఆఫీసులో పదకొండేళ్లు పత్రికా ప్రకటనలు రాశారు. ఆట జరుగుతున్నంతసేపూ గ్రౌండుకు వీపు పెట్టి, కెమెరాలకు ముఖం పెట్టి నిలబడతారు. జశ్వంత్ ఒకసారి అవతలి ఆటగాడి భుజం కొరికితే, “మావాడు నోరు తెరిచి ఊపిరి పీల్చుకుంటుంటే భుజమే లోపలికొచ్చింది,” అన్నారు. రిఫరీని బూతులు తిడితే, “ఆయన తల్లిని, చెల్లిని గుర్తు చేసుకున్నాడు, అంతే. మనది కుటుంబ విలువల జట్టు,” అన్నారు.

ప్రతి ఆటకూ ముందే ఖండన రాసి ఉంచుకోవడం, దెబ్బ తిన్నవాడి పేరు దగ్గర ఖాళీ వదలడం ఆయన పద్ధతి. ఈసారి పాత ప్రకటననే దిద్దుతుండటంతో ఓదెలు పేరు అలాగే ఉండిపోయింది. జట్టు సోషల్ మీడియా చూసే స్రవంతి దాన్ని ఫోన్‌లో సేవ్ చేయబోయి విలేకరుల గ్రూపులోకి పంపేసింది.

“డిలీట్ చేసెయ్యనా సర్?” అంది స్రవంతి.

“ఖండనను వాపస్ తీస్కుంటే కొట్టినట్టు ఒప్పుకున్నట్టే. ఉండనియ్యి,” అన్నారు భాస్కర్ గారు.

పదకొండింటికి ‘రాయదుర్గం రాకెట్లు’ జట్టు మేనేజర్ నరసింహమూర్తి గారు మీడియా ముందుకు వచ్చారు. ఆ జట్టు ప్రతిపక్ష నాయకుడిది. “ఓదెలు గారి చెంపకు న్యాయం జరిగేదాకా నిద్రపోమండి. మా దగ్గర వీడియో ఉందండి. సాయంత్రం విడుదల చేస్తామండి,” అన్నారు. పన్నెండింటికి రాయదుర్గం మెట్రో మెట్ల మీద ధర్నా మొదలైంది.

రాత్రి డ్యూటీ చేసొచ్చి పడుకున్న ఓదెలును భూలక్ష్మి తట్టి లేపింది. ఆదివారం ఆమెకు సెలవు.

“ఏందయ్యా, నిన్ను మళ్ల కొట్టిండంట గదా. ఫోన్ల వస్తున్నది.”

ఓదెలు చెంప తడుముకున్నాడు. “ఎప్పుడు?”

“సాయంత్రం నాలుగింటికంట.”

“ఇంక పన్నెండే గదనే. జర సేపు పండనియ్యి.”

రెండింటికి మంత్రిగారు భాస్కర్ గారికి ఫోన్ చేశారు.

“దెబ్బ తిన్నోడు ఎట్లున్నడు?”

“ఇంక తినలే సార్.”

“కొట్టనప్పుడే ఖండిస్తే, రేపు నిజంగ కొట్టినప్పుడు మన ఖండనను ఎవడు నమ్ముతడు భాస్కర్?”

పదకొండేళ్ల అనుభవంలో భాస్కర్ గారికి ఇంత లోతైన ప్రశ్న ఎదురు కాలేదు. ఖండనకు తగ్గ దెబ్బ ఒకటి పడాల్సిందేనని తేల్చుకొని, ఆయన వెంటనే కారు పంపించి ఓదెలును గ్రౌండుకు పిలిపించారు. పగటి డ్యూటీకి మారుస్తున్నట్టు ఏజెన్సీ ఇచ్చిన కాగితం అప్పటికే ఆయన చొక్కా జేబులో ఉంది.

“పెద్దయ్యా, జట్టుకు నీతోని చిన్న పని పడ్డది.”

“మళ్ల కొడ్తడా సార్?”

“కొట్టడు. కొట్టలేదని పొద్దున నేనే రాసిన గదా. నువ్వు జర దగ్గర నిలబడితే చాలు.”

“తగుల్తదా?”

“తగిలినా కొట్టినట్టు గాదు.” భాస్కర్ గారు జేబులోని కాగితం సగం బయటికి లాగి చూపించి మళ్లీ లోపలికి తోశారు. “ఆట అయిపోంగనే నీ డ్యూటీ నీకు.”

ఓదెలు ఆలోచించాడు. “కుడి చెంప మాత్రం వద్దు సార్. దాని పక్కనున్నదానితోని పనుంది.”

ఆట మొదలైంది. అప్పుడే అసలు చిక్కు వచ్చి పడింది. జశ్వంత్ హైటెక్ సిటీలో ఒక కంపెనీకి డైరెక్టరు. అక్కడ ఒకరిద్దరిని తోసేసినందుకు హెచ్‌ఆర్ వాళ్లు ఆయనను వారం రోజుల ప్రశాంతత శిక్షణకు పంపారు. శిక్షణ శనివారమే ముగిసింది. అవతలివాడు చొక్కా పట్టి లాగితే, “థాంక్యూ బ్రదర్,” అన్నాడు. కిందపడిన గోల్‌కీపరును లేపి మోకాలికి అంటిన మట్టి దులిపాడు.

ఈ దారుణం చూడటానికి భాస్కర్ గారు మొదటిసారి గ్రౌండు వైపు తిరిగారు. “ఇంత పెద్దగుంటదా ఇది,” అని ఆశ్చర్యపోయారు. ఎనభయ్యో నిమిషం దాకా ఓపిక పట్టి, ఓదెలు కుడి చెవి దగ్గర నోరు పెట్టారు.

“పోయి పాస్ అడుగు.”

ఓదెలు టోపీ సర్దుకొని, విజిల్ ఊదుకుంటూ ఆట మధ్యలోకి నడిచాడు. రిఫరీ ఆట ఆపాడు. ఈ గట్టున భాస్కర్ గారు, ఆ గట్టున నరసింహమూర్తి గారు ఒకే ఆశతో లేచి నిలబడ్డారు.

“పాస్ చూపెట్టున్రి సార్,” అన్నాడు ఓదెలు.

జశ్వంత్ కళ్లు ఎర్రబడ్డాయి. పిడికిలి బిగుసుకుంది. ఓదెలు కళ్లు మూసుకొని ఎడమ చెంప ముందుకు పెట్టాడు. ఎంతసేపటికీ ఏమీ తగలలేదు. కళ్లు తెరిచి చూస్తే జశ్వంత్ పదిదాకా లెక్కపెట్టుకోవడం ముగించి, రెండు చేతులూ జోడించి, ఆ ఎడమ పక్కకే వంగి ఏదో అంటున్నాడు. పెదాలు కదలడం ఓదెలుకు కనిపించింది. మర్యాదకు తల ఊపాడు.

“పాస్ సార్?” అని మళ్లీ అడిగాడు.

జశ్వంత్ మేజోడులోంచి పాస్ తీసిచ్చాడు. ఓదెలు ఫొటోనూ ముఖాన్నీ రెండుసార్లు పోల్చి చూసి, సెల్యూట్ చేసి వెనక్కి వచ్చాడు.

అయితే టీవీ వాళ్లు రిఫరీ చొక్కాకు తగిలించిన మైకు ఆ దగ్గర్లోనే ఉంది. “ఆ రోజు గేట్ దగ్గర కొట్టడం నా తప్పే తాతా. సారీ,” అన్న మాట ఐదు నిమిషాల్లో రాష్ట్రమంతా విన్నది.

ఆరింటికి గ్రౌండు పక్కనే ప్రెస్ మీట్ పెట్టారు. భాస్కర్ గారు గొంతు సవరించుకున్నారు. “ఒకటి, జశ్వంత్ సారీ చెప్పలేదు. రెండు, మేనేజ్‌మెంట్ అనుమతి లేకుండా సారీ చెప్పినందుకు ఆయనను మూడు ఆటలు సస్పెండ్ చేస్తున్నం. జట్టుకు క్రమశిక్షణే ప్రాణం.”

“ఇంతకూ ఎవరు గెలిచారు సర్?” అని ఒక విలేకరి అడిగాడు.

“దాని మీద కమిటీ ఏసినం.”

“మైకులో సారీ స్పష్టంగా వినిపించింది కదా,” అంది ముందు వరుసలో కూర్చున్న జయంతి అనే విలేకరి.

“మైకుదేముందమ్మా, అది మిషిను. ఎవరికి చెప్పిండంటున్నరో ఆ మనిషినే అడుగుదాం.” భాస్కర్ గారు పక్కనే నిలబెట్టుకున్న ఓదెలు కుడి భుజం మీద చెయ్యి వేశారు. “పెద్దయ్యా, జశ్వంత్ బాబు నీకు సారీ చెప్పిండా? ఉన్నదున్నట్టు చెప్పు.”

“నాకైతే ఏం వినపడలే సార్,” అన్నాడు ఓదెలు. అది నిజమే.

భాస్కర్ గారి ముఖం వెలిగిపోయింది. ఆ సంతోషంలో జేబులోని కాగితం తీసి కెమెరాల ముందే ఓదెలు చేతిలో పెట్టారు. “నిజం చెప్పే కార్మికునికి మా జట్టు ఇచ్చే గౌరవం ఇది. రేపటి నుంచి పగటి డ్యూటీ.” చప్పట్లు మోగాయి.

“పక్కనే ఉండి ఎందుకు వినపడలేదు తాతా?” అంది జయంతి.

“ఎడమ చెవి పనిచెయ్యదమ్మా.”

“ఎప్పటి నుంచి?”

ఓదెలు కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి, యూనిఫాం జేబులో పెట్టుకొని, గుండీ వేసుకున్నాడు.

“పోయిన నెల పదకొండో తారీఖు నుంచి. పొద్దుగాల పదింటికి, గేటు కాడ.”

భాస్కర్ గారు స్రవంతి వైపు చూశారు. స్రవంతి ఫోన్‌ను పైకీ కిందకీ జరిపి వెతికింది.

“దీనికి ఖండన రాసి పెట్టలేదు సర్,” అంది.