మీటల మీద అక్షతలు

విజయదశమి మరునాడు పొద్దున్నే సారంగపాణి వేసుకున్న పథకం చాలా చిన్నది. ఆఫీసుకు వెళ్ళాలి, చదివి వినిపించే జాబు ఒకటి కొత్త కంప్యూటరు మీద తప్పు లేకుండా కొట్టాలి, టైపిస్టు ఉద్యోగం నిలబెట్టుకుని ఇంటికి రావాలి. పుట్టుకతోనే చూపు లేకపోయినా, తిరుపతిలోని ఆ సహకార సంఘంలో అతనంత శుభ్రంగా టైపు కొట్టేవాడు మరొకడు లేడు. ఎనభై ఏడులో కంప్యూటరు దిగింది, టైపుమిషన్లు అటకెక్కాయి. "పరీక్షలో నెగ్గితే కంప్యూటరు నీదేనప్పా," అన్నాడు మేనేజరు రాజారత్నం.

దాని మీటల్లో కొన్ని కొత్తవి. వేళ్ళు దారి తప్పకుండా సారంగపాణి నాలుగైదు మీటల మీద జిగురుతో బియ్యపు గింజలు అంటించుకున్నాడు. వాటిని తడుముకుంటూ పండుగ ముందు వారమంతా సాధన చేశాడు. ఎవరికీ చెప్పలేదు, చెబితే వద్దంటారేమోనని భయం.

ఆయుధపూజ నాడు అటెండరు మునివెంకటప్ప కంట ఆ గింజలు పడ్డాయి. "ఎవురో పూజ మొదలుపెట్టి సగంలో వదిలేసినారే! ఎంత అపచారం!" అని నొచ్చుకుని, మిగిలిన మీటలన్నిటికీ గంధం పెట్టి ఒక్కో గింజ అద్దాడు. భక్తిలో పక్షపాతం చూపే మనిషి కాడు. రాజారత్నం స్వయంగా హారతి ఇచ్చాడు. గంధం గట్టిగా ఎండిపోయింది.

పరీక్షకు కూర్చున్న సారంగపాణికి ఏ మీట తడిమినా గింజే తగిలింది. ఏదో అడగబోయాడు. వెనక నుంచి మేనేజరు "కానీ, కానీ" అన్నాడు. చెమటలు కక్కుతూ కొట్టాడు. తెర మీద ఏ భాషకూ చెందని అక్షరాలు బారులు తీరాయి.

"మిషనుకు దిష్టి తగిలుండాది సార్," అన్నాడు గుమాస్తా వరదయ్య. టెంకాయ తెప్పించి, మూడు చుట్లు తిప్పి, బల్ల అంచుకే కొట్టాడు. నీళ్ళు మీటల్లోకి దిగాయి. టప్పుమని తెర ఆరిపోయింది.

మద్రాసు నుంచి వచ్చిన మెకానిక్కు మీటల పలక విప్పి నోరు తెరిచాడు. "బియ్యం, గంధం, టెంకాయ నీళ్ళు! ఏం సార్, దీంట్లో పొంగలి పెట్టినారా?"

"పూజ వల్ల చెడిందని మాత్రం అనొద్దండప్పా, కళ్ళు పోతాయి!" అన్నాడు వరదయ్య. అందరూ గబగబా లెంపలు వేసుకున్నారు. సారంగపాణి మాత్రం కదలలేదు.

"మొదట గింజలు అంటించింది నేనే సార్," అన్నాడు. "అవి లేకుంటే నాకు మీటలు తెలీవు. ఇంకొక్కసారి కూర్చోనియ్యండి. బాగా కొడతాను."

రాజారత్నానికి ప్రాణం లేచివచ్చింది. తప్పు పూజది కాదని తేలిపోయింది. ఇకమీదట మిషను మీద ఎవరూ ఏదీ అంటించరాదని అక్కడికక్కడే హుకుం వేశాడు.

ఉద్యోగం పోయిందనే అనుకున్నాడు సారంగపాణి. "ఛ, నిన్ను తీసేస్తే మాకు పాపం," అన్నాడు మేనేజరు. "జీతం యాడికీ పోదు. ఫ్యాను కింద కుర్చీ ఏయిస్తా, హాయిగా కూర్చో. పని మాత్రం ముట్టుకోవద్దు."

ఆ సాయంత్రం సారంగపాణి తన భార్య పెరుందేవి చెయ్యి పట్టుకుని, "పని తీసుకొని కుర్చీ ఇచ్చినారే," అని చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. ఏడుస్తుంటే అతని వేళ్ళు ఆమె అరచేతిలో టైపు కొడుతూనే ఉన్నాయి.

సోమవారం నాడు వరదయ్య తనకూ చూపు మందగించిందని, ఫ్యాను కింద ఇంకో కుర్చీకి చోటుందని అర్జీ పెట్టుకున్నాడు.