దిగువ వీధి సైరన్

అణుబాంబు మృతుల సంస్మరణ దినాన్ని ఈ ఏడాది నుంచి ప్రభుత్వమే, కనీవినీ ఎరుగని ఉత్సాహంతో, అంగరంగ వైభవంగా జరుపుతుందని మంత్రిగారు ప్రకటించారు. పోయినవాళ్ళకి ఇన్నాళ్ళూ తగినంత ప్రచారం దక్కలేదంటుంటే ఆయన గొంతు జీరబోయింది. పక్కనే ఉన్న పి.ఏ. చప్పున మంచినీళ్ళు అందించాడు. గొంతు ఎక్కడ జీరబోవాలో ప్రసంగంలో రాసిపెట్టింది అతనే మరి.

ఊళ్ళో ఇంతకాలం ఆ సంస్మరణ జరుపుతున్నది పి.ఏ. పెద్దమ్మ. తల్లి పోతే అతన్ని పెంచి పెద్దచేసిన మనిషి. బాంబు పడ్డనాటికి ఆవిడ బడికెళ్ళే పిల్ల. ఏటా ఆ రోజు పొద్దున్నే దిగువ వీధి మలుపులో నిలబడి, శిథిలాల్లో దొరికిన బడిగంట మోగించి, ఆనాడు పోయిన తన తరగతి పిల్లల పేర్లు చదివేది. వీధంతా వినేది. ఆ తర్వాత ఏటి ఎగువనున్న అణు విద్యుత్ కేంద్రం మూసెయ్యమని, మూసేదాకా కనీసం వీధికో సైరన్ పెట్టమని అర్జీ ఇచ్చేది. ప్రభుత్వం ఆ అర్జీలన్నీ చాలా భద్రంగా దాచింది.

"ఆవిడ మీ పెద్దమ్మే కదటయ్యా? నువ్వే సర్దిచెప్పు," అన్నారు మంత్రిగారు. "ఫంక్షన్ సజావుగా జరిగితే నిన్ను రాజధాని ఆఫీసుకి తీసుకెళ్తా."

"చిత్తం సార్. ఖర్చు..."

"విద్యుత్ కేంద్రం వాళ్ళు స్పాన్సర్ చేస్తున్నారు. స్టేజీ, టెంట్లు, టీ, అన్నీ."

పి.ఏ. నసిగాడు. "సార్, వాళ్ళు పోయింది అణుబాంబుతో కదా. స్టేజీ మీద అణుకేంద్రం బ్యానరంటే..."

"అది పేలింది. ఇది పేలలేదు. ఆ మాత్రం తేడా తెలీదటయ్యా నీకు?"

ఆ తేడా విన్నాక పి.ఏ.కి కళ్ళు తెరుచుకున్నాయి. ఊరికే మంత్రులైపోతారా ఎవరైనా!

అతను వెళ్ళేసరికి పెద్దమ్మ కుట్టుమిషన్ ముందు కూర్చుని ఎవరిదో పాత చొక్కా కాలరు తిప్పి కుడుతోంది.

"మీ స్టేజీలొద్దు, మీ టీలొద్దు. మీ మంత్రి సైరన్ పెట్టిస్తాడా, లేదా? అది చెప్పు," అంది తలెత్తకుండా.

"పెట్టిస్తాం పెద్దమ్మా. ఒట్టు."

"బాంబు పడ్డ రోజు సైరన్ గది తాళంచెవి పెద్దాఫీసరు జేబులో ఉండిపోయిందిరా. ఆ జేబు తెల్లారకముందే ఊరు దాటేసింది. మేమేమో బళ్ళో వరసగా నిలబడి ప్రార్థన చేసుకుంటున్నాం."

చిన్నప్పుడు ముద్ద ముద్దకీ విన్న కథే. అయినా పి.ఏ. చివరిదాకా విన్నాడు. ఏమైనా సరే, సైరన్ తెప్పించి తీరాలనుకున్నాడు.

సైరన్ కావాలంటే టెండరు పిలవాలి, ఆర్నెల్లు పడుతుందన్నాడు ఇంజనీరు. స్తంభం మాత్రం రేపే నిలబెడతానన్నాడు. స్తంభాల కాంట్రాక్టరు ఆయన బావమరిది. అన్నట్టే స్తంభం లేచింది. పైన రేకు గరాటా ఒకటి బిగించి ఎర్రరంగు వేశారు. ఇక మోత ఒక్కటే తక్కువ. ఆ లోటు తీర్చింది పి.ఏ. బుర్రే. మంత్రిగారి ఎస్కార్టు జీపుని స్టేజీ వెనక పరదా చాటున నిలబెట్టించాడు.

ఆ రోజు రానే వచ్చింది. మంత్రిగారు బటన్ నొక్కారు. పి.ఏ. జేబురుమాలు ఊపాడు. పరదా వెనక డ్రైవరు జీపు సైరన్ వేశాడు. దిగువ వీధి దద్దరిల్లిపోయింది. పెద్దమ్మ కొంగుతో కళ్ళు తుడుచుకుంది. అది చూడలేక పి.ఏ. పక్కకి తిరిగాడు.

"ఇకమీదట ఈ సైరన్ ఎప్పుడు మోగినా," అన్నారు మంత్రిగారు మైకులో, "ఎక్కడివాళ్ళక్కడ లేచి, తలవంచి, మౌనం పాటించాలి. మోత ఆగేదాకా ఎవరూ కదలకూడదు. అమరులకి మనమిచ్చే గౌరవం అదే!"

చప్పట్లు మోగాయి. పెద్దమ్మ గబుక్కున కుర్చీలోంచి లేచింది.

"సైరన్ మోగితే నిలబడటమేంటి బాబూ? పరిగెత్తాలి కదా!"

"పెద్దావిడ ఉద్వేగానికి లోనయ్యారు," అన్నారు మంత్రిగారు ఆప్యాయంగా, ఆవిడ చేతిలో ఓ పూలగుత్తి పెడుతూ. గుత్తి మీద విద్యుత్ కేంద్రం వారి స్టిక్కరుంది.

సభ ముగిసింది. మంత్రిగారి కారు బయల్దేరింది. ముందు జీపు, మోత మోగించుకుంటూ. పెద్దమ్మ స్తంభం వంక చూసింది, జీపు వంక చూసింది.

"ఒరే, మన సైరన్ వెళ్ళిపోతోందిరా."

"మళ్ళీ వస్తుందిలే పెద్దమ్మా," అన్నాడు పి.ఏ.

అన్నట్టే వచ్చేది కూడా. మంత్రిగారు ఆ దారిన వెళ్ళినప్పుడల్లా వీధంతా లేచి నిలబడేది. మొదట్లో నిలబడనివాళ్ళకి జరిమానా వేశారు, తర్వాత ఆ అవసరం లేకపోయింది. మంగలి గడ్డం సగంలో ఆపేవాడు. గీయించుకునేవాడు నురగతోనే లేచేవాడు. వీధికి ఉత్తమ క్రమశిక్షణ అవార్డు వచ్చింది. పెద్దమ్మ ఇంటింటికీ తిరిగి "నిలబడకండర్రా, నా మాట వినండి" అని మొత్తుకుంటే, ఈవిడ మూలాన అవార్డు పోతుందని వీధి పెద్దలు విసుక్కున్నారు. పి.ఏ. చేతికి రాజధాని ఆఫీసు ఆర్డరొచ్చింది.

ఓ మధ్యాహ్నం మంత్రిగారు గెస్ట్‌హౌస్‌లో భోంచేస్తుండగా విద్యుత్ కేంద్రం నుంచి ఫోనొచ్చింది. విన్నారు. చెయ్యి కూడా కడుక్కోకుండా కారెక్కేశారు. పి.ఏ. వెనకే పరిగెత్తి ఎక్కాడు.

"లీకేజీట. కొంచెమేట," అన్నారు మంత్రిగారు కారు అద్దాలు బిగించుకుంటూ.

పి.ఏ. ముందుకి వంగాడు. "సార్, ఊళ్ళో వాళ్ళకి..."

"చెప్తాం. చెప్పకుండా ఎలా ఉంటాం? ముందు మనల్ని వంతెన దాటనీ. ఇప్పుడే చెప్తే అందరూ వంతెన మీద పడతారు. మనం వెళ్ళేదెలా?"

వంతెనకి దారి దిగువ వీధిలోంచే. జీపు మోత అందుకుంది. వీధంతా లేచింది. మంగలి కత్తి పక్కన పెట్టి నిలబడ్డాడు. పసిపిల్లల్ని చంకనేసుకుని తల్లులు గుమ్మాల్లో నిలబడ్డారు. తలలన్నీ వంగాయి. మంత్రిగారికి కళ్ళు చెమర్చాయి. ఈసారి ఎవరూ రాసివ్వలేదు. అద్దంలోంచే వాళ్ళందరికీ చేతులు జోడించారు.

ఒక్క మనిషి మాత్రం నిలబడలేదు. సైరన్ మోగితే పరిగెత్తాలన్న మనిషే. చెప్పుల్లేకుండా, బడిగంట వాయిస్తూ, తలుపు తలుపూ బాదుకుంటూ కారుకి ఎదురుగా పరిగెత్తుకొస్తోంది. ఏదో అరుస్తోంది. సైరన్ మోతలో గంటా వినపడలేదు, మాటా వినపడలేదు.

"మీ పెద్దమ్మకి ఇన్నాళ్ళైనా మౌనం పాటించడం చేతకాలేదయ్యా," అన్నారు మంత్రిగారు నొచ్చుకుంటూ.

కారు ఆపమందామని పి.ఏ. నోరు తెరిచాడు. తలుపు పిడి మీద చెయ్యి కూడా వేశాడు. మాట పెగల్లేదు. కారు వంతెనెక్కింది. అతను తల దించుకున్నాడు.

మంత్రిగారు అతని వంక చూసి, మెచ్చుకోలుగా భుజం తట్టారు.

"నీకు మాత్రం మౌనం బాగా వచ్చింది."