ఎలుక గుండెకు సోమవారం, నా గుండెకు నాలుగు నెలలు

స్కాన్ కోసం నాలుగు నెలలు ఆగమని చెప్పే ఆసుపత్రులు పది కాలాలపాటు చల్లగా ఉండాలి! నవ్వకండి, మనస్ఫూర్తిగానే అంటున్నాను.

ఈమధ్య రెండంతస్తులు ఎక్కితే నాకు ఆయాసం వస్తోంది. గుండెలో కవాటం ఒకటి సరిగా మూసుకోవడం లేదేమో, ఎకో స్కాన్ తీస్తే గానీ చెప్పలేనన్నారు డాక్టరుగారు. కౌంటర్‌లో నాలుగు నెలల తర్వాతి తేదీ వేసి చీటీ చేతిలో పెట్టారు.

ఆ రోజు నుంచి నా దశ తిరిగింది. ఇంట్లో గ్యాస్ బండ జరపమనేవాళ్ళు లేరు. ఆఫీసులో మేనేజరు నన్ను తిట్టబోయి, నా ఛాతీ వంక చూసి, నోరు మూసుకుంటున్నాడు. జన్మలో నా మాట ఒప్పుకోని బావమరిది "సరే బావా, నువ్వన్నదే రైటు" అంటున్నాడు. వెంటనే స్కాన్ తీసి "మీకేం లేదు, వెళ్ళండి" అనేస్తే ఈ వైభోగమంతా ఏమయ్యేది?

ఇక ఎలుకల దురదృష్టం చూడండి. మా ఆవిడ ఒక పరిశోధనశాలలో ఎలుకల గుండెలకు స్కాన్ తీస్తుంది. సోమవారం వచ్చిందంటే పన్నెండు ఎలుకలు. మత్తు గాలి పీల్పించి, వెచ్చటి బల్ల మీద వెల్లకిలా పడుకోబెట్టి, ఛాతీ మీద బొచ్చు క్రీముతో తీసేస్తారు. చల్లటి జెల్ తగిలితే ఒళ్ళు చల్లబడిపోతుందని జెల్‌ను కూడా వెచ్చబెడతారు! ఏ ఎలుక ఎన్ని గంటలకో గోడమీద చార్టు ఉంటుంది. ఒక్కదానికీ వంతు తప్పదు. గుండెలో ఉన్నదంతా వారం వారం బయటపడుతుంటే ఆ ప్రాణికి దాపరికమంటూ ఏం మిగిలింది, పాపం?

అంతా అయ్యాక ఆ గుండెను కోసి కూడా చూస్తారట. కోయనివ్వండి. చూడ్డమంటూ ఉంది కదా.

మొన్న ఆదివారం మెట్లెక్కి వచ్చి కుర్చీలో కూలబడ్డాను. మా ఆవిడ నా మణికట్టు పట్టుకుని గడియారం చూస్తూ లెక్కపెట్టింది. ఆమె మొహం తెల్లగా పాలిపోయింది.

"తొంభయ్యేనా? నాలుగొందలకు తగ్గకూడదే!"

"నేను మీ ల్యాబులో ఎలుకను కాదు కదే" అన్నాను.

ఫక్కున నవ్వింది. నవ్వుతూనే కొంగుతో కళ్ళొత్తుకుంది.

"పోనీ నన్నూ ఓసారి ఆ బల్ల మీద పడుకోబెట్టి చూడరాదూ?"

"అది అరచెయ్యంత బల్లండీ. ఆ మిషన్ వేలెడు లోతు కూడా చూడలేదు. మీ గుండె దాకా ఎక్కడొస్తుంది?"

పాఠకులారా, మీ దగ్గర దాపరికమెందుకు? నాకు భయంగా ఉంది. ఆ భయాన్ని ఆమెకు కనపడనివ్వకూడదని మాట మార్చాను.

"ఇంతకీ ఆ ఎలుకల గుండెల్ని వారం వారం అంత శ్రద్ధగా చూడ్డం దేనికోయ్?"

మా ఆవిడ చాలాసేపు నా మణికట్టు వదల్లేదు.

"మనుషుల్లో గుండె జబ్బుని ఆలస్యం కాకముందే కనిపెట్టడానికండీ" అంది.