రెండో ప్రూఫు

ఆ ఉదయం డాక్టరమ్మ పెట్టుకున్న పని చాలా చిన్నది. అన్నయ్య ఫోర్‌మన్‌గా ఉన్న ప్రెస్సుకు వెళ్ళడం, సంచిలోని కాగితాలు పంచి నింపించుకోవడం, భోజనం వేళకు ఇల్లు చేరడం. ఆమె అప్పటికింకా డాక్టరు కాలేదు. పగటి నిద్ర మీద పరిశోధన చేస్తోందని తెలిసిన రోజే ప్రెస్సువాళ్ళు ఆ పేరు ఖాయం చేసేశారు.

కాగితంలో ఉన్నవి మామూలు ప్రశ్నలే. చదువుతుంటే కునుకు వస్తుందా, బస్సులో వస్తుందా, ఎదుటిమనిషితో మాట్లాడుతుంటే వస్తుందా? పక్కన "ఎప్పుడూ రాదు", "అప్పుడప్పుడు", "తప్పకుండా" అని గళ్ళు. కొన్నాళ్ళ క్రితం వీళ్ళే ఒకసారి నింపారు. అదే మనిషి మళ్ళీ ఇంచుమించు అవే జవాబులిస్తే ఆ ప్రశ్నావళిని నమ్మవచ్చు. జవాబులు కలవకపోతే ఇంకో ఏడాది ఇదే పని అని గైడు మేడమ్ ముందే చెప్పేసింది.

మొదటిసారి ఎంత చక్కగా జరిగిందని! భోజనాలయ్యాక ఆ ప్రెస్సు తీరే వేరు. సిరా వాసన, కిటికీలోంచి బల్లల మీదికి వాలే ఎండ, లోపలి గదిలో ఊయల ఊపుతున్నట్టు ఒకే లయలో మిషను చప్పుడు. అచ్చుకు పేర్చాల్సిన సీసపు అక్షరాన్ని కంపోజిటరు వేళ్ళ మధ్య పట్టుకునే తూగేవాడు. ప్రూఫులు దిద్దే తాతయ్య కలం కాగితానికి ఆనించి కళ్ళు మూసేవాడు. లేచాక అక్కడ పడ్డ సిరా మరకను కూడా తప్పు కిందే జమకట్టి కొట్టేసేవాడు. అందరూ దాపరికం లేకుండా "తప్పకుండా" గడిలో టిక్కు పెట్టారు.

ఈసారి కాగితం అందుకోగానే తాతయ్య కళ్ళజోడు సవరించుకున్నాడు.

"అమ్మాయ్, ఇది మొన్న ఇచ్చిందే కదూ?"

"అదే తాతయ్యా."

ఆయన కాగితం పక్కన పెట్టాడు. ఆమె అటు వెళ్ళగానే అందర్నీ దగ్గరికి పిలిచాడు. ఆ ప్రెస్సులో ఒక కాగితం రెండోసారి బల్ల మీదికి వచ్చిందంటే దానికి ఒకటే అర్థం, మొదటిసారి తప్పులు మిగిలిపోయాయని. పాపం పిల్ల మొహమాటంతో చెప్పలేకపోతోంది, మనమే దిద్దిపెడదాం అన్నాడు. అందరూ శ్రద్ధగా దిద్దారు. నిలబడి కూడా నిద్రపోగల కంపోజిటరుకు ఎక్కడా నిద్రన్నదే రాకుండా పోయింది.

అన్నయ్య తన కాగితాన్ని ఇంటికి పట్టుకెళ్ళాడు. మాట్లాడుతుంటే కునుకు వస్తుందా అన్నచోట "తప్పకుండా" అని టిక్కు పెడుతుండగా వెనకనుంచి వదిన చూసింది.

"ఎదుటిమనిషంటే ఎవరండీ? ఈ ఇంట్లో మీ ఎదుట ఉండేది నేనేగా."

అన్నయ్య గబగబా కొట్టేసి "ఎప్పుడూ రాదు" గడికి మారాడు. అప్పటికే వదిన మాటలు మానేసింది. ఆవిడ మాట్లాడని ఆ రోజుల్లో అన్నయ్యకు నిజంగానే కునుకు పట్టలేదు.

డాక్టరమ్మ రెండు కట్టలూ పక్కపక్కన పెట్టి చూసింది. ఒక్కరి జవాబూ కలవలేదు. పరుగున వెళ్ళి, మొన్న మీరు రాసినదాంట్లో తప్పేమీ లేదని బతిమాలింది. తప్పు లేకపోతే మళ్ళీ ఎందుకిచ్చావని తాతయ్య అడిగాడు. పాతవి ఒకసారి చూపిస్తే అచ్చం అలాగే దించేస్తామని కంపోజిటరు ధైర్యం చెప్పాడు. చూపించకూడదని ఆమె అనగానే అందరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. తప్పులు తామనుకున్నదానికంటే ఘోరంగా ఉన్నాయన్నమాట. మూడోసారి ఇచ్చిన కాగితాల్లో అప్పుడప్పుడు వచ్చే కునుకు కూడా మాయమైంది. ప్రతి కాగితం మూలలోనూ తాతయ్య "అచ్చుకు వెళ్ళవచ్చు" అని రాసి సంతకం పెట్టాడు.

డాక్టరమ్మ అక్కడే బల్ల మీద తల వాల్చి ఏడ్చేసింది. ఏడుపు మధ్యలోనే అడిగింది.

"తాతయ్యా, మీరు దిద్దని కాగితమంటూ ఏదైనా ఉంటుందా?"

"మూలప్రతి తల్లీ. సూర్యుడు పడమట లేచాడని రాసినా మేం ముట్టుకోం. అది రాసినాయన ఇష్టం."

ఆమె కళ్ళు తుడుచుకుంది. వదిన మళ్ళీ మాట్లాడేదాకా ఆగి, కొత్త కాగితాలు పంచి, ఇవి ప్రూఫులు కావు, మీ మూలప్రతులు అని చెప్పింది. ప్రెస్సంతా ఊపిరి పీల్చుకుంది. కునుకులన్నీ ఎక్కడివక్కడికి తిరిగి వచ్చాయి. ఒకటి రెండు చోట్ల అటూ ఇటూ కావడం తప్ప జవాబులు మొదటివాటితో హాయిగా కలిశాయి. మేడమ్ సిద్ధాంతగ్రంథం మీద సంతకం పెట్టింది. ఇంటి ఆడపిల్ల పుస్తకమని ప్రెస్సువాళ్ళే అచ్చువేశారు.

తీరా ప్రతులు చేతికొచ్చాక మేడమ్ అసలైన పట్టిక దగ్గర ఆగిపోయింది. మొదటిసారి జవాబుల వరస, చివరిసారి జవాబుల వరస, అంకె అంకెకూ ఒక్కటే.

"మనుషులు ఇంతలా కలవరమ్మా. ఎవరు దిద్దారు దీన్ని?"

ఎవరు దిద్దారో డాక్టరమ్మ ఎవరినీ అడగనక్కర్లేకపోయింది. నేరుగా ప్రెస్సుకు వెళ్ళి తాతయ్య ముందు పుస్తకం తెరిచి పెట్టింది.

"పక్కపక్కనే ఉన్న అంకెలు అక్కడక్కడా తేడాగా కనిపించాయి," అన్నాడు తాతయ్య తలొంచుకుని. "నువ్వు రాసిందే తప్పనుకుంటానా తల్లీ? వీడే నిద్రలో పేర్చాడనుకున్నా."

కంపోజిటరు కాదనలేదు.

ఆ మధ్యాహ్నం మిషను ఆపేసి అందరూ బల్లల చుట్టూ చేరారు. ప్రతి పుస్తకంలోనూ అసలు అంకెలను కలంతో తిరిగి రాశారు. ఎండ మెల్లగా బల్లల మీదికి వాలింది. మొదట కంపోజిటరు తల వాలింది, తర్వాత అన్నయ్యది, ఆఖరికి తాతయ్యది. మిగిలినవి ఆమే రాసుకుంది. ఎవరినీ లేపాలనిపించలేదు. ఇప్పుడా ప్రెస్సు లేదు. నిద్ర పట్టనివాళ్ళకు మందులు రాసే తన గదిలో, ఆ ప్రెస్సు గదంత మంచి మందు ఇంకొకటి లేదని ఆమెకు తరచూ అనిపిస్తుంటుంది.

ప్రశ్నావళి నమ్మదగినదేనని పట్టా వచ్చింది. దాన్ని నింపినవాళ్ళ గురించి అందులో ఏమీ రాయలేదు.