గెడ్డకు ఇవతల ప్రసంగం

ఇకమీదట మన నియోజకవర్గంలో సమస్యలుండవని, ఒకవేళ ఉన్నా అవి వినసొంపుగా ఉంటాయని ఎమ్మెల్యే భీమశంకరరావు గారు ప్రకటించారు. ఆ రోజే మా స్పీకింగ్ క్లబ్బులో మెంబరుగా చేరారు.

క్లబ్బులో నేను టైమ్‌కీపర్ని. వారమంతా బట్టల కొట్టు, ఆదివారం పొద్దున్న గంట. ఎవరు మాట్లాడినా రెండు నిమిషాలకు గంట కొట్టాలి. ఎమ్మెల్యే గారికి మాత్రం గంట వద్దని, చప్పట్లు కొడితే చాలని పీఏ త్రినాథ్ చెప్పాడు.

వారి సాధన చూసి తీరాలి! మొదటి వారం శంకుస్థాపన ప్రసంగం. రెండో వారం సంతాపం. మైకు కుడి చేతిలో ఉంటే కన్నీళ్లు ఎడం చేత్తో తుడుచుకోవాలని వారే కనిపెట్టారు. పోయిందెవరో చెప్పకుండానే మా అందర్నీ ఏడిపించారు.

మూడో వారం అంశం, కథ చెప్పడం. సరిగ్గా అప్పుడే జగ్గమ్మ అనే రైతు మనిషి అర్జీ పట్టుకుని హాల్లోకి వచ్చింది. త్రినాథ్ ఆమెను కొత్త మెంబరనుకుని మైకిచ్చాడు.

"బాబూ, మా ఊరి గెడ్డ మీద కల్వట్టు కొట్టుకుపోయి రెండు వానాకాలాలు ఎల్లిపోనాయి. మొన్న మా కోడలికి నొప్పులొస్తే మంచం మీద మోసుకెల్లినాం. గెడ్డ మజ్జిలో నీళ్లు పెరిగిపోనాయి. అక్కడే పురుడైపోనాది. తల్లీబిడ్డా దక్కినారు. మల్లీ ఎవులికైనా అలాగైతే దక్కుతారని నమ్మకం నేదు బాబూ..."

రెండు నిమిషాలయింది. గంట కొట్టాను.

ఎమ్మెల్యే గారి ఎడం చెయ్యి కంటి దాకా వెళ్లింది. "ఓపెనింగ్ స్ట్రాంగమ్మా. ఎమోషన్ సూపర్. ఎండింగులో హోప్ లేదు."

"అంటే ఏటి బాబూ?"

"చివర్లో కల్వర్టు వచ్చేసిందని చెప్పాలి."

"రాలేదు కద బాబూ!"

"అది ఫ్యాక్టు. ఇక్కడ మనం నేర్చుకునేది స్టోరీటెల్లింగ్."

ఆ వారం బెస్ట్ స్పీకర్ ఆమే. బొబ్బిలి వీణ బొమ్మ ఇచ్చి ఫొటో దిగారు.

"దీన్నేటి సేసుకోను?" అంది జగ్గమ్మ. అర్జీ ఎవరికివ్వాలని నన్నడిగింది. నా దగ్గర గంట తప్ప ఏమీ లేదని చెప్పాను. చెప్పాక ఆమె మొహం చూడలేకపోయాను.

తర్వాతి వారం విజయనగరంలో పెద్ద సభ. ఎమ్మెల్యే గారు గెడ్డ కథ చెప్పారు. నడి గెడ్డలో పుట్టిన ఆ బిడ్డ తానేనన్నారు. వారు పుట్టింది టౌన్లో, మా కొట్టు ఎదురు నర్సింగ్ హోంలో. అయినా నాకూ కళ్లు చెమర్చాయి. కథ చివర్లో కల్వర్టు కూడా వచ్చింది. జనం లేచి నిలబడ్డారు.

కృతజ్ఞతగా జగ్గమ్మ ఊరికి వెంటనే శాంక్షన్ చేశారు, స్పీకింగ్ క్లబ్బు బ్రాంచి.

ప్రారంభోత్సవం రోజు గెడ్డ నిండుగా పారుతోంది. కార్లు దాటలేవు కాబట్టి రిబ్బను ఇవతలి గట్టునే కట్టారు. ఊరు ఊరంతా అవతలి గట్టున నిలబడింది. కోడలూ పసిబిడ్డా కూడా వచ్చారు. ఎమ్మెల్యే గారు నలభై నిమిషాలు మాట్లాడారు. ఎడం చెయ్యి మూడుసార్లు కళ్ల దాకా వెళ్లింది.

అయ్యాక అవతలి నుంచి జగ్గమ్మ రెండు చేతులూ నోటి దగ్గర దొప్పలా పట్టి అరిచింది.

"నీళ్ల సప్పుడుకి ఒక్క ముక్కా ఇనపడనేదు బాబూ!"

"ఏమంటోంది?" అన్నారు ఎమ్మెల్యే గారు.

త్రినాథ్ చెవి ఒగ్గి విన్నాడు.

"వన్స్ మోర్ అంటున్నారు సార్."

ఎమ్మెల్యే గారు గొంతు సవరించుకుని మైకు మళ్లీ కుడి చేతిలోకి తీసుకున్నారు.