రోకలి చప్పుడు

ఆ ఆదివారం పొద్దున బసవపున్నయ్య పెట్టుకున్న పని ఒక్కటే. దంపుడు బియ్యంతో వండిన అన్నం నలుగురికీ పెట్టి, పాతకాలమే గొప్పదని రుజువు చెయ్యాలి. కోస్తా నుంచి వచ్చి చర్ల దగ్గర మిరప సాగు మొదలుపెట్టి పాతికేళ్ళు దాటినా, ఆయన మనసు అంతకుముందరి రోజుల్లోనే ఉండిపోయింది. బస్సు ఆలస్యమైనా, మోకాలు నొప్పి పుట్టినా తప్పంతా ఈ కాలానిదే. ఊళ్ళో బియ్యం మర పెట్టిన రామ్‌సింగ్‌తో కిందటి వారం టీకొట్టు దగ్గర ఆ విషయం మీదే మాటా మాటా పెరిగింది.

"మర బియ్యం తినే మీకు ఒంట్లో సత్తువేదిరా? మా రోజుల్లో ఆడవాళ్ళు హాయిగా పాటలు పాడుకుంటూ దంచేవాళ్ళు."

"అయితే ఒక్కనాడు దంచి పెట్టు బాబాయ్. తిని చెప్త" అన్నాడు రామ్‌సింగ్.

టీకొట్టంతా విన్నది. ఇక వెనక్కి తగ్గితే మీసం ఉండి లాభం లేదు. "ఆదివారం మధ్యాహ్నం అందరూ రండి. ఒక్క గింజ కూడా మర మొహం చూడదు" అని మాటిచ్చేశాడు.

పద్మావతమ్మ మాత్రం భర్తకు పొద్దున్నే చెప్పేసింది. "కూరలు చేస్తాను. రోకలి ముట్టను. పాటలు ఎందుకు పాడేవాళ్ళమో తెలుసా? నిద్ర ఆపుకోవడానికి." ఆయన ఆ మాట వినిపించుకోలేదు. ఆమె తోటకూర కోయడానికి పెరట్లోకి వెళ్ళిపోయింది.

రోట్లో కోళ్ళు నీళ్ళు తాగుతున్నాయి. రోకలి చిక్కుడు పందిరికి పోటుగా ఉంది. కోళ్ళను తరిమి, రోకలి లాగితే పందిరి ఆయన నెత్తిన కూలింది. తీగలు దులుపుకుని దంచడం మొదలుపెట్టాడు. వడ్లు ఎగిరి కళ్ళలో పడ్డాయి. కాసేపటికి అరచేతులు బొబ్బలెక్కాయి. రోట్లో చూస్తే సగం నూకలు, సగం వడ్లు. సరిగ్గా ఎండని వడ్లు దంచితే నూకలవుతాయని ఆయనకు ఎవరూ చెప్పలేదు, ఆయనా ఎప్పుడూ అడగలేదు.

పాలేరు భీమయ్యను పిలిచి గొంతు తగ్గించాడు. "వడ్ల మూట సైకిలు మీదేసుకుని చేలకడ్డంపడి చర్ల మరకి పో. పైపైన ఒక్క పట్టే పట్టించు. బియ్యం ఎర్రగా కనబడాలి. రామ్‌సింగ్‌కి తెలిసిందంటే నా పరువు పోద్ది."

"గట్లనే అయ్యా. మరి ఈడ దంచే చప్పుడు ఏది? టీకొట్టోళ్ళంత చెవులు ఈడనే పెట్టిన్రు."

అదీ నిజమే. భీమయ్య అటు వెళ్ళగానే బసవపున్నయ్య గేటు మూసి గడియ పెట్టాడు. రోట్లో ఊక పోసి, చేతులకు గుడ్డ చుట్టుకుని, ఊరంతా వినబడేలా దంచసాగాడు.

మర వచ్చాక ఆ ఊళ్ళో రోకలి చప్పుడు వినబడేది పెళ్ళిళ్ళకే. పసుపు దంచడంతోనే పెళ్ళిపనులు మొదలవుతాయి. టీకొట్టు పంతాలు ఆడవాళ్ళ దాకా రావు. పెళ్ళీడు పిల్ల ఉన్న ఇంట్లో గేటు మూసుకుని మరీ రోకలి వేస్తున్నారంటే ఎదురింటి సుబ్బరత్నం ఇంకేమనుకుంటుంది? గేటు సందులోంచి చూస్తూ నిష్ఠూరంగా పిలిచింది.

"అన్నయ్యగారూ, నిర్మల పెళ్ళి కుదిరిందా? పసుపు దంచడానికి మమ్మల్ని పిలవకూడదా? అయినా దంచేది మీరేంటి?"

"రోలు కుదురుగా ఉందో లేదో చూస్తున్నానమ్మా."

"అయితే పెళ్ళి నిజమేగా?"

కాదంటే లోపలికొస్తుంది. వస్తే ఊక చూస్తుంది. అవునంటే పోయేదేముందనిపించింది ఆయనకు. "కుదిరినట్టే అనుకో. ఎవరికీ చెప్పకు."

"అయ్యో, నేనెందుకు చెప్తాను!" అన్నది సుబ్బరత్నం. తొమ్మిది గంటల బస్సు దాకా నిజంగానే ఎవరికీ చెప్పలేదు. ఆ బస్సెక్కిన తమ్ముడికి మాత్రం చెప్పింది. అతను దిగేది భద్రాచలంలో, నిర్మల డిగ్రీ చదువుకుంటున్న హాస్టలుకు రెండు వీధుల అవతల.

మధ్యాహ్నం వసారాలో విస్తళ్ళు పరిచారు. చర్ల మర బియ్యం ఎర్రగా, ముచ్చటగా ఉడికింది. వడ్డిస్తున్న భీమయ్య ఎవరి కళ్ళలోకీ చూడటం లేదు. రామ్‌సింగ్ రెండోసారి అన్నం పెట్టించుకున్నాడు.

"ఒప్పుకున్న బాబాయ్. గిసువంటి బియ్యం నా మరల రాదు. పాతకాలమే మంచిది!"

అందరూ తలలూపారు. బసవపున్నయ్య మీసం మీద చెయ్యి వేశాడు. సరిగ్గా అప్పుడే గేటు తెరుచుకుంది. ట్రంకు పెట్టె మోసుకుంటూ నిర్మల లోపలికొచ్చింది. ఏడ్చి ఏడ్చి కళ్ళు వాచిపోయి ఉన్నాయి.

"రేపు పరీక్ష కదే! ఈ పెట్టేంటి?" అన్నాడు బసవపున్నయ్య.

"పెళ్ళి కుదిర్చాక ఇంక పరీక్షెందుకు నాన్నా? హాస్టలు ఖాళీ చేసి వచ్చేశాను."

"ఎవరో అంటే నమ్మేశావా? నన్నొక్క మాట అడగాలని తోచలేదా?"

"ఆ రోజుల్లో ఆడపిల్లని అడిగేవాళ్ళు కాదు, అయినా కాపురాలు నిలిచాయని మీరేగా ఎప్పుడూ అంటారు?"

విస్తళ్ళ ముందు చేతులన్నీ ఆగిపోయాయి. పరువో, పిల్ల పరీక్షో తేల్చుకోవాల్సింది ఆయనే. బసవపున్నయ్య మీసం మీంచి చెయ్యి తీసేశాడు.

"పెళ్ళీ లేదు, పసుపూ లేదు. నేను దంచింది ఊక. మీరు తింటున్నది చర్ల మర బియ్యం."

వసారా అంతా ఒకటే నవ్వు. రామ్‌సింగ్‌కు పొలమారితే భీమయ్య అతని వీపు చరచాల్సి వచ్చింది. కూర గిన్నె పట్టుకుని గుమ్మంలో నిలబడ్డ పద్మావతమ్మ మాత్రం నవ్వలేదు.

"నాకూ ఇట్లాగే తెలిసింది" అన్నదామె కూతురితో. "బడి నుంచి వస్తుంటే మా ఇంట్లో రోకళ్ళ చప్పుడు. పెళ్ళెవరికమ్మా అని అడిగాను. నీకే అన్నారు. చేతిలో ఎనిమిదో తరగతి పుస్తకం ఉంది. మళ్ళీ తెరవలేదు."

నవ్వులు ఆగిపోయాయి. బసవపున్నయ్యకు తల ఎత్తబుద్ధి కాలేదు. ఊక దంచి దొరికిపోయిన సిగ్గు దీని ముందు ఏపాటిది? ఇన్నేళ్ళ కాపురంలో ఆమెకు చదువు ఎక్కడ ఆగిందో, ఎలా ఆగిందో ఒక్కనాడూ అడగలేదు. ఇక కూతురైతే, తనను అడక్కుండా నాన్న పెళ్ళి కుదర్చడని కాసేపైనా అనుకోలేదు. ఆయన లేచి, ట్రంకు పెట్టె భుజానికెత్తుకున్నాడు. రామ్‌సింగ్ ఎంగిలి చెయ్యి కూడా కడుక్కోకుండా బస్సు ఆపడానికి పరిగెత్తాడు. ఆ సాయంత్రం భద్రాచలం హాస్టలు వార్డెనుకు దణ్ణం పెట్టి, బతిమాలి, పిల్లని మళ్ళీ గదిలో దింపేదాకా బసవపున్నయ్య మంచినీళ్ళు కూడా ముట్టలేదు.

పాతకాలం ఎలా ఉండేదని ఇప్పుడెవరైనా కదిలిస్తే, ఆయన వంటింటి వైపు చూసి "ఆమెనడగండి" అంటున్నాడు.