ఎండబెట్టిన చాపలు

శుక్రవారం పొద్దున ఆఫీసుకు బయల్దేరుతూ అమరేందర్ ఒక నిర్ణయానికి వచ్చాడు. ఆఫీసరు సత్యానందం గారిని చేపలతో పడగొట్టాలి. అమరేందర్ నల్గొండ జిల్లాలో ఒక మారుమూల మండలాఫీసులో గుమాస్తా. కూతురు నల్గొండ కాలేజీలో చేరి మేనత్త ఇంట్లో ఉంటోంది. మేనత్త అన్నం కంటే దెప్పిపొడుపులే ఎక్కువ వడ్డిస్తుందని పిల్ల ఇంటికొచ్చినప్పుడల్లా ఏడుస్తోంది. నల్గొండకు బదిలీ అయితే తప్ప ఆ ఏడుపు ఆగదు. బదిలీ కాగితం మీద సత్యానందం గారు సంతకం పెట్టాలి. ఆయనది గోదావరి జిల్లా. అటువాళ్లు చేపంటే ప్రాణం పెడతారని అమరేందర్ ఎక్కడో విన్నాడు. ఎక్కడో విన్నదాన్ని గట్టిగా నమ్మడం అతనికి మొదటి నుంచీ ఉన్న అలవాటే.

ఆ పొద్దున సత్యానందం గారి చింత వేరు. మంగళవారం బడి ఆవరణలో అక్షరాస్యత సభ ఉంది. జిల్లా ఆఫీసు నుంచి పెద్దసారు వస్తున్నారు. రాత్రిబడిలో చదువుకునే ఆడవాళ్లంతా వస్తారు. షామియానా వాడి జంపఖానాలు సగం మందికి కూడా చాలవు. మిగతావాళ్లను దేనిమీద కూర్చోబెట్టాలో తేలడం లేదు.

"సార్, ఆయితారం నేను చెర్వుకు పోతున్న. మీకు చాపలు తెస్త," అన్నాడు అమరేందర్ ఆయన గదిలోకి పోయి.

సత్యానందం గారి ముఖం వెలిగిపోయింది. "బతికించావోయ్. నేనూ చాపల కోసమే చూస్తున్నా. మీ చెరువులో తుంగ బాగా ఉందా?"

"తుంగల్నే ఉంటయి సార్, ఉండేటివన్ని."

"ఎన్ని తేగలవు?"

"ఎన్నంటే గన్ని."

"పెద్దవేనా?"

అమరేందర్ రెండు చేతులూ బార్లా చాపి చూపించాడు. అంత చేప ఆ చెరువులో అతని తాత కూడా చూడలేదు.

"బాగుంది. కానీ తడివి తేకు, వాసనేస్తాయి. ఎండబెట్టి తీసుకురా. మంగళవారం సభకి అన్నీ కావాలి."

"ఎండబెట్టాల్నా సార్?"

"ఎండబెట్టకుండా ఎవరైనా వాడతారా?"

ఎండు చేపలంటే వీళ్లకు ఇంత పిచ్చా అనుకుని అమరేందర్ లోలోపల నవ్వుకున్నాడు. "మరి నా కాయితం సార్..."

"ముందు చాపలు రానీవోయ్. సంతకం ఎంతసేపు?"

అమరేందర్ పుట్టి పెరిగిన చోట చేపను చాప అంటారు, కింద పరుచుకునేదాన్ని సాప అంటారు. సత్యానందం గారి ఊళ్లో చాప అంటే తుంగతో అల్లి కింద పరుచుకునేదే. ఇద్దరూ తెలుగువాళ్లే కాబట్టి ఎవరికీ అనుమానం రాలేదు. సత్యానందం గారు ఆ సాయంత్రమే షామియానా వాడికి కబురు పంపి జంపఖానాలు అక్కర్లేదన్నారు.

కొనుక్కొచ్చి ఇస్తే పోయేది. కానీ అమరేందర్ అప్పటికే ఆఫీసంతా తిరిగి తన చేతులతో తానే పడతానని చెప్పుకున్నాడు. ఆ చెరువులో పడవలు లేవు. లారీ ట్యూబు మీద కూర్చుని చేతులతో తోసుకుంటూ పోయి చేపలు పడతారు. ఆదివారం పొద్దున్నే అతను జాఫర్ పంక్చర్ షాపుకు పోయి ఒక ట్యూబు కిరాయికి అడిగాడు.

"గిది అతుకుల మీద అతుకులున్నది సారు," అన్నాడు జాఫర్. "జర పైలం."

"నేనేమన్న దీన్ని హైదరాబాద్ దాక నడుపుతనా? నీళ్లల్ల తేలితె సాలు."

ట్యూబు తేలింది. తేలడమే కాదు, ఉన్నచోటే గిర్రున తిరిగింది. కుడిచేత్తో తోస్తే ఎడమకూ, ఎడమచేత్తో తోస్తే కుడికీ తిరుగుతుందే తప్ప ముందుకు పోలేదు. గట్టు మీద వల దులుపుకుంటున్న జానయ్య పని ఆపి కూర్చున్నాడు. తల తిరుగుతుండగానే అమరేందర్ గాలం విసిరాడు. అది నీళ్లలో పడకుండా వెనక్కి వచ్చి ట్యూబు అతుక్కి తగులుకుంది. గుంజి చూస్తే బరువుగా ఉంది. పెద్ద చేపే పడిందని సంబరపడి, బలమంతా పెట్టి లాగాడు.

అతుకు ఊడి చేతికొచ్చింది. ట్యూబు బుస్సుమంటూ అతన్ని తుంగలోకి ఈడ్చుకుపోయి, అక్కడ చప్పబడింది.

"సస్తున్న జానయ్యా, నా పెండ్లాంకు చెప్పు," అని మునిగాడు అమరేందర్.

"లేశి నిలబడుండ్రి సారు," అన్నాడు జానయ్య. "నడుం దాక గూడ లెవ్వు నీళ్లు."

లేచి నిలబడ్డాడు. నిజంగానే లేవు. పోయిన పరువు పోగా మిగిలింది దక్కించుకోవాలని, జానయ్య బుట్టలోని చేపలన్నీ కొనుక్కుని వెనకదారిన ఇంటికి చేరాడు.

సోమవారం సెలవు పెట్టి చేపలు కోసి, ఉప్పు పట్టించి, డాబా మీద ఆరేశాడు. భార్య యాదమ్మ పైకొచ్చి చూసి నెత్తి పట్టుకుంది.

"పండుకునే సాపల మీద చాపలారేస్తవా?"

"బిడ్డ కోసమే చేస్తున్న. జర ఓర్సుకో."

బిడ్డ మాట వినగానే ఆమె ఒక కర్ర అందుకుంది. కూర్చుని పిల్లులను తోలింది. సాయంత్రానికి వాసన వీధి చివరిదాకా పాకింది. ఇంట్లో ఉన్న సాపలన్నీ పెంటకుప్ప మీదికి పోయాయి.

మంగళవారం బడి ఆవరణ ఆడవాళ్లతో నిండింది. కింద నేల కాలుతోంది. ఎవరూ కూర్చోలేదు. పెద్దసారు జీపు దిగుతుండగా అమరేందర్ గోనె సంచి మోసుకుంటూ వచ్చాడు.

"చాపలేవోయ్?" అన్నారు సత్యానందం గారు పళ్ల బిగువున.

"గివే సార్. మంచిగ ఎండినయి." సంచి మూతి విప్పాడు.

సత్యానందం గారు ముక్కు మూసుకుని వెనక్కి గెంతారు. "చాపలు తెమ్మంటే చేపలు తెస్తావా? తెలుగు రాదా నీకు?"

పెద్దసారు దగ్గరికొచ్చి సంగతేమిటని అడిగారు.

"ఇక్కడివాళ్లకి భాష రాదండి," అన్నారు సత్యానందం గారు. "చేపని చాప అంటారు. వీళ్లతో ఎలా వేగేది చెప్పండి?"

పెద్దసారు సంచిలోంచి ఒక చేపను తోక పట్టి పైకెత్తి, ఆడవాళ్లకు చూపించారు. "ఇదేంటమ్మా?"

"చాప," అన్నారందరూ ఒక్క గొంతుతో.

"కింద పరుచుకునేది?"

"సాప," అంది ముందు నిలబడ్డ సుక్కమ్మ. "గది యాడున్నది సారు? కాళ్లు కాలుతున్నయి."

"ఊరు ఊరంతా ఒక మాట అంటుంటే, భాష రానిది వాళ్లకా సత్యానందం గారూ, మీకా?" అన్నారు పెద్దసారు.

ఆడవాళ్లు చప్పట్లు కొట్టారు. పెద్దసారు అమరేందర్ భుజం తట్టి పేరడిగారు. అమరేందర్ కళ్లలో నీళ్లు తిరిగాయి. పెద్దసారే పేరడిగాక ఇక సత్యానందం గారి సంతకంతో పనేముంది? ఆ సాయంత్రమే యాదమ్మ అటకమీది ట్రంకుపెట్టె దించింది.

వారం తిరక్కుండా ఆర్డర్లు వచ్చాయి. మండలంలో పనిచేసేవాళ్లకు ప్రజల మాట తెలిసి ఉండాలని రాసి, అది తెలిసిన అమరేందర్‌ను ఎవరు అడిగినా సరే ఆ ఊరి నుంచి కదిలించరాదన్నారు. ప్రజల మాట తెలియని సత్యానందం గారిని నల్గొండకు మార్చారు. పెద్దాఫీసులో దానితో పని పడదు.